ఘాజీపూర్ నుంచి వచ్చిన కత్తెర: బెనారస్‌లో విద్యార్థిగా జగ్జీవన్ రామ్

ప్రతి ఏప్రిల్‌లో మన ఊళ్లలో రెండు విగ్రహాలకు దండలు పడతాయి. 5న బాబూ జగ్జీవన్ రామ్‌కి, 14న బాబాసాహెబ్ అంబేడ్కర్‌కి. ఐదో తేదీ సభల్లో మనం వినేది చాలావరకు పదవుల జాబితా. కార్మిక మంత్రి, రైల్వే మంత్రి, వ్యవసాయ మంత్రి, రక్షణ మంత్రి, ఉప ప్రధాని. యాభై ఏళ్లపాటు చట్టసభల్లో ఉన్న మనిషి గురించి అలా చెప్పుకోవడం సహజమే. కానీ ఆ జాబితా కింద ఒక కుర్రాడి కథ కప్పడిపోయింది. విశ్వవిద్యాలయంలో సీటు, స్కాలర్‌షిప్ రెండూ ఉండి, హాస్టల్లో అన్నం దొరకని కుర్రాడు.

ఈ వ్యాసంలో పదవుల కన్నా ముందు ఆ కుర్రాడి గురించి చెప్పుకుందాం. ఎందుకంటే క్యాంపస్‌లో కులం పేరుతో అవమానం ఎదురైన విద్యార్థి ఈ రోజుకీ మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇప్పుడు నాకు తోడు ఎవరు? ఆ ప్రశ్నకు జగ్జీవన్ రామ్ చదువుకున్న రోజుల్లో కొన్ని జవాబులు దొరుకుతాయి.

మూడో కుండ

బీహార్‌లో ఆరా పట్టణం పక్కన చంద్వా అనే ఊరు. అక్కడ 1908 ఏప్రిల్ 5న జగ్జీవన్ పుట్టారు. కుటుంబం చమార్ కులానిది. తోలు పనితో ముడిపడిన కులం కాబట్టి మన దగ్గర మాదిగ పల్లెలు ఆయన్ని సొంత మనిషిగా చూసుకున్నాయి. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో ఇన్ని జగ్జీవన్ రామ్ విగ్రహాలు కనిపించడానికి అదొక కారణం.

తండ్రి శోభీరామ్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి ఊరికి తిరిగొచ్చారు. శివనారాయణి సంప్రదాయంలో మహంతు అయ్యారు. అక్షరం విలువ తెలిసిన ఇల్లు అది. కొడుకు బడిలో అడుగుపెట్టిన కొద్దికాలానికే ఆయన చనిపోయారు. ఆ తర్వాత పిల్లవాడి చదువును నిలబెట్టింది తల్లి వాసంతీదేవి. ఈ జీవితంలో మొదటి తోడు ఆమె.

1922లో జగ్జీవన్ ఆరా టౌన్ స్కూల్లో చేరారు. బళ్లో తాగునీళ్లకు రెండు కుండలు ఉండేవి. ఒకటి హిందువులకు, ఒకటి ముస్లింలకు. జగ్జీవన్ హిందువుల కుండలో నీళ్లు తాగారు. ఆధిపత్య కులాల పిల్లలు వెళ్లి హెడ్‌మాస్టర్‌కు చెప్పారు. హెడ్‌మాస్టర్ ఆలోచించి ఒక పరిష్కారం కనిపెట్టారు. అంటరానివాళ్ల కోసం మూడో కుండ పెట్టించారు.

జగ్జీవన్ ఆ కుండ పగలగొట్టారు. మళ్లీ పెట్టించారు. మళ్లీ పగలగొట్టారు. చివరికి మూడో కుండ పెట్టడం మానేశారు.

ఈ సంఘటనలో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. హెడ్‌మాస్టర్ కోపంతో కుర్రాణ్ని బడి నుంచి వెళ్లగొట్టలేదు. తన లెక్కలో ఆయన న్యాయమే చేశారు: ఆ పిల్లవాడికీ నీళ్లు దొరుకుతాయి, మిగతా పిల్లలకీ అభ్యంతరం ఉండదు, గొడవ సద్దుమణుగుతుంది. ఆధిపత్య కులాల పిల్లలు చెప్పింది ఫిర్యాదుగా ఆఫీసు చెవిన పడింది. దళిత కుర్రాడి దాహం మాత్రం ఏర్పాటు చేయాల్సిన ఇబ్బందిగా కనిపించింది. ఈ రోజు కూడా ఎన్నో సంస్థల్లో వివక్ష ఎదురైందని చెప్పిన విద్యార్థినే గది మారమంటారు, గైడును మార్చుకోమంటారు, కొన్నాళ్లు ఇంటికి వెళ్లి రమ్మంటారు. అవన్నీ మూడో కుండలే. సాయం చేసినట్టు కనిపిస్తూ, వెలిని అలాగే ఉంచే ఏర్పాట్లు. పదిహేనేళ్లయినా నిండని పిల్లవాడు ఆ తేడా పట్టుకున్నాడు.

పిలుపు అందింది, కంచం అందలేదు

1925లో మదన్‌మోహన్ మాలవీయ ఆరాకు వచ్చారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన మనిషి, అప్పటికి దాని వైస్‌ఛాన్సలర్. సభలో స్వాగతోపన్యాసం ఇచ్చింది జగ్జీవన్. ఆ మాటతీరు మాలవీయకు నచ్చింది. బెనారస్ వచ్చి చదువుకోమని పిలిచారు. జగ్జీవన్ మెట్రిక్యులేషన్ ప్రథమ శ్రేణిలో పాసై, 1927లో ఇంటర్ సైన్స్‌లో చేరారు. బిర్లా స్కాలర్‌షిప్ కూడా వచ్చింది.

చంద్వా నుంచి చూస్తే ఇంతకన్నా ఏం కావాలి? వైస్‌ఛాన్సలర్ స్వయంగా పిలిచారు. ఫీజుకు దారి దొరికింది. మార్కులు ఉన్నాయి, కాబట్టి అర్హత లేదని ఎవరూ అనలేరు.

కానీ హాస్టల్ మెస్సులో ఆయనకు అన్నం వడ్డించలేదు. క్షవరం చేయడానికి అక్కడి క్షురకులు ఒప్పుకోలేదు.

వినడానికి ఈ రెండూ చిన్న సంగతుల్లా ఉంటాయి. హాస్టల్లో ఉన్నవాళ్లకు తెలుసు, ఇవి చిన్నవి కావు. మెస్సు రోజుకు రెండుసార్లు వచ్చే పరీక్ష. అందరి ముందూ కంచం ఖాళీగా ఉండడం అంటే, నువ్వు ఇక్కడివాడివి కాదని రోజుకు రెండుసార్లు ప్రకటించడం. జుట్టు పెరిగిపోవడం అంటే ఆ ప్రకటనను నెత్తిన మోసుకుంటూ క్లాసుకు వెళ్లడం. తోటి విద్యార్థి పాఠం గురించి ఆలోచించే గంటలో దళిత విద్యార్థి ఈ పూట ఎక్కడ తినాలో ఆలోచించాలి. పరీక్షలో ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం ఇస్తారు.

మాలవీయ పిలుపు అబద్ధమని మనం అనడం లేదు. ఆయన మెచ్చుకున్నారు, పిలిచారు, కుర్రాడికి సీటు దొరికింది. అయితే వైస్‌ఛాన్సలర్ మంచితనం వంటగది గడప దాటలేదు. ఒక పెద్దమనిషి దయ తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్లాక వడ్డించే చేయి ఎవరి మాట వింటుంది? నియమం ఉంటే నియమం మాట వింటుంది. నియమం లేనిచోట కులం మాట వింటుంది. సీటు ఇచ్చాం కదా అని చేతులు దులుపుకునే ప్రతి సంస్థకూ 1927 నాటి ఆ మెస్సు ఒక పాఠం.

ఘాజీపూర్ మనిషి

బెనారస్‌లో జుట్టు కత్తిరించే మనిషి దొరకనప్పుడు జగ్జీవన్ కోసం ఘాజీపూర్ నుంచి ఒక క్షురకుడు వచ్చేవాడు. ఆయన కూడా దళితుడే. ఘాజీపూర్ అక్కడికి 70 కిలోమీటర్లకు పైగా దూరం. ఎప్పుడో ఒకసారి వచ్చి, జుట్టు కత్తిరించి వెళ్లేవాడు.

మాలవీయకు విశ్వవిద్యాలయం ఉంది. బిర్లాకు డబ్బు ఉంది. ఘాజీపూర్ మనిషికి ఒక కత్తెర ఉంది. విద్యార్థి రోజువారీ అవమానాన్ని కొన్ని వారాలైనా తగ్గించింది ఆ కత్తెరే. ఇది పైనుంచి వచ్చిన దయ కాదు. అదే అవమానం తెలిసినవాడు, తన దగ్గర ఉన్న పనితనంతో, దారి ఖర్చు, రోజు కూలి లెక్క చూసుకుంటూ చేసిన పని.

ఇలాంటి తోడు మనకు కొత్తది కాదు. పట్నంలో చదువుకునే పిల్లల కోసం పల్లె నుంచి బియ్యం మూట పంపిన తల్లులు, కొత్తగా వచ్చిన జూనియర్‌కు తమ గదిలో చోటిచ్చిన సీనియర్లు, ఫెలోషిప్ ఆలస్యమైనప్పుడు మెస్సు బిల్లు పంచుకున్న స్నేహితులు ఆ కోవలోవాళ్లే. వీళ్లెవరికీ విగ్రహాలు ఉండవు. కానీ మనలో ఎంతోమంది డిగ్రీలు వీళ్ల వల్లే పూర్తయ్యాయి.

ఒంటరితనం నుంచి సంఘానికి

జగ్జీవన్ ఆ తోడుతో సరిపెట్టుకుని తల వంచుకుని చదువు ముగించలేదు. బెనారస్‌లో ఉండగానే అంటరాని కులాలవాళ్లను కూడగట్టి వివక్షకు వ్యతిరేకంగా నిరసన చేశారు. ఈ అడుగు చాలా ముఖ్యం. అవమానం ఒక్కడి మీద పడినప్పుడు అది ఆ ఒక్కడి స్వభావం గురించిన చర్చగా మారిపోతుంది: మనవాడు కాస్త సున్నితం, ప్రతిదాన్నీ పెద్దది చేస్తాడు, చదువు మీద ధ్యాస లేదు. నలుగురు కలిసి అదే మాట చెప్పినప్పుడు చర్చ సంస్థ వైపు తిరుగుతుంది.

అయినా బెనారస్ మారలేదు. ఇంటర్ సైన్స్ పూర్తి చేసి జగ్జీవన్ ఆ విశ్వవిద్యాలయం వదిలేశారు. డిగ్రీ కోసం కలకత్తా వెళ్లారు.

దీన్ని ఓటమి అనాలా? మనం అలా అనుకోవడం లేదు. ఒక చోట ఊపిరాడనప్పుడు మరో చోటికి వెళ్లడం కూడా పోరాటంలో భాగమే. చదువు ఆగకూడదు, ప్రాణం పోకూడదు. ఈ రెండూ నిలిస్తే మిగతా లెక్కలు తర్వాత తేల్చుకోవచ్చు. వెళ్లిపోయిన విద్యార్థిని పిరికివాడు అనేవాళ్లు ముందు అతన్ని వెళ్లగొట్టిన మెస్సు గురించి మాట్లాడాలి.

కలకత్తాలో ఆయనకు దొరికింది ఏమిటి? బీహార్ పల్లెల నుంచి కూలికి వచ్చిన మనుషులు. జూట్ మిల్లుల్లో పనిచేసే తమ ప్రాంతం వాళ్లు. కొన్ని నెలల్లోనే వెల్లింగ్టన్ స్క్వేర్‌లో పెద్ద కార్మిక ర్యాలీ నడిపారు. సంత్ రవిదాస్ పేరిట సభలు పెట్టారు. సుభాష్ చంద్రబోస్ వంటి నాయకుల దృష్టిలో పడ్డారు. ఇదంతా చేస్తూనే 1931లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ పట్టా తీసుకున్నారు. బెనారస్‌లో ఆయన ఒంటరి హాస్టల్ విద్యార్థి. కలకత్తాలో వేలమంది మధ్య ఒకడు. వివక్ష కలకత్తాలోనూ ఉంది. దాన్ని కలిసి ఎదుర్కొనే మనుషులు కూడా ఉన్నారు, అదే తేడా.

పదవులు, ప్రశ్నలు

అక్కడి నుంచి ఆయన జీవితం వేగం అందుకుంది. 1934 బీహార్ భూకంపంలో సహాయక పనులు చేశారు. 1935లో ఆలిండియా డిప్రెస్డ్ క్లాసెస్ లీగ్ నిర్మాణంలో ముందున్నారు. అదే ఏడాది రాంచీలో హామండ్ కమిటీ ముందు హాజరై దళితులకు ఓటు హక్కు కావాలని అడిగారు. 1936లో, 28 ఏళ్లకు, బీహార్ శాసన మండలిలో అడుగుపెట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో 1940లోను, 1942లోను జైలుకు వెళ్లారు. 1946 మధ్యంతర ప్రభుత్వంలో అందరికన్నా చిన్న వయసు మంత్రి ఆయనే. శాఖ కార్మిక శాఖ. అంతకు కొన్ని నెలల ముందువరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేడ్కర్ చూసిన శాఖ అది. జగ్జీవన్ రామ్ మంత్రిగా ఉండగానే 1948లో కనీస వేతనాల చట్టం, కార్మిక బీమా చట్టం వచ్చాయి.

ఆయన్ని పొగడ్తలతోనే గుర్తుంచుకోవాలని మనం అనడం లేదు. ఆయన కాంగ్రెస్‌లో ఉండి పనిచేయడాన్ని ఎంచుకున్నారు. హిందువుగా చనిపోనని 1935లో యేవలాలో అంబేడ్కర్ ప్రకటించినప్పుడు జగ్జీవన్ రామ్ ఆ దారిలో వెళ్లలేదు. ఇద్దరి మధ్య ఆ భేదం చివరిదాకా ఉంది. 1975లో ఎమర్జెన్సీని ఆమోదించే తీర్మానాన్ని లోక్‌సభలో ప్రవేశపెట్టింది ఆయనే. 1977 ఫిబ్రవరిలో రాజీనామా చేసి కాంగ్రెస్ ఫర్ డెమోక్రసీ పెట్టి, ఇందిరాగాంధీ ఓటమికి కారణమైనవాళ్లలో ఒకరయ్యారు. ఇవన్నీ చర్చించాల్సినవే.

మన విషయానికి మాత్రం ఇంకో పోలిక అవసరం. బెనారస్‌లో జగ్జీవన్ చదివింది ఒక వ్యాపార కుటుంబం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. అంబేడ్కర్ బరోడా మహారాజు సాయంతో కొలంబియా వెళ్లారు. దాతల దయ ఎంత సన్నటి దారమో స్వయంగా తెలిసినవాడు కాబట్టి, వైస్రాయ్ కౌన్సిల్‌లో చేరాక అంబేడ్కర్ షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల చదువుకు ప్రభుత్వమే డబ్బు ఇవ్వాలని పట్టుబట్టారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఈ రోజు మన పిల్లలు కాలేజీ ఆఫీసు ముందు ఆ డబ్బు కోసం నిలబడినప్పుడు వాళ్లు అడుగుతున్నది దానం కాదు. ఆ తేడా వెనుక ఒక తరం అనుభవం ఉంది.

మళ్లీ అదే ఊరు

1978లో జగ్జీవన్ రామ్ మళ్లీ వారణాసి వెళ్లారు. ఈసారి దేశ రక్షణ మంత్రిగా. అక్కడి సంస్కృత విశ్వవిద్యాలయంలో మాజీ ముఖ్యమంత్రి సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన వెళ్లిపోయాక కొందరు ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగారు. దళితుడు తాకాడని శుద్ధి చేశారు.

బెనారస్ హాస్టల్లో అడుగుపెట్టి అప్పటికి యాభై ఏళ్లు. మధ్యలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. 1971 యుద్ధం నాటి రక్షణ మంత్రి ఆయనే. ఇవేవీ ఆ చెంబును ఆపలేదు. చదువుకుని పైకొస్తే కులం పోతుందని మన పిల్లలకు చెప్పేవాళ్లు ఈ సంఘటన గుర్తు పెట్టుకోవాలి. అవమానానికి మందు ఆ మనిషి ఎదుగుదలలోనే ఉందని చెప్పడం, బాధ్యతను మళ్లీ ఆ మనిషి మీదకే నెట్టడం.

1986 జూలై 6న జగ్జీవన్ రామ్ మరణించారు. 2007లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రాల విభాగంలో ఆయన పేరిట ఒక పీఠం పెట్టింది. కుల వివక్షను, ఆర్థిక వెనకబాటును అధ్యయనం చేయడం దాని పని. ఆయన మెస్సులో ఆకలితో కూర్చున్న నాటికీ, ఆయన పేరిట కుర్చీ వేసిన నాటికీ మధ్య 80 ఏళ్లు.

మన క్యాంపస్‌లో

ఈ కథ బెనారస్‌తో ముగిసిపోలేదని తెలుగు నేల మీద ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటపెట్టారు. వాళ్లు క్యాంపస్‌లోనే ఆరుబయట పడుకున్న చోటికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని విడిచి వెళ్లిపోయాడు. ఆ ఏడాది దేశమంతా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. అతనికి బతికుండగా కావాల్సిన అండలో కొంత, అతను పోయాక వచ్చింది. ఇది మళ్లీ జరగకూడదంటే అండ ముందే ఉండాలి, సిద్ధంగా ఉండాలి.

జగ్జీవన్ కాలంలో లేనివి కొన్ని ఈ రోజు మన చేతిలో ఉన్నాయి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని 2012లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ సెల్ ఉండాలి. 1989 అట్రాసిటీ నిరోధక చట్టం ఉంది. ఎస్సీ జాతీయ కమిషన్ ఉంది. కాగితం మీద ఉన్నవి తమంతట తాము కదలవు. కదిలించాలి.

అందుకు కొన్ని పనులు ముందే చేసుకుందాం. మన సంస్థలో ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో కనుక్కుని నోటీసు బోర్డు మీద పెట్టిద్దాం. అవమానం జరిగిన రోజునే తేదీ, చోటు, అన్న మాట, చూసిన మనుషులు రాసి పెట్టుకుందాం. ఫిర్యాదు నోటితో చెప్పి ఊరుకోకుండా రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకుందాం. ఆఫీసుకు ఎప్పుడూ ఒక్కరమే వెళ్లొద్దు, ఇంకొకరిని తీసుకెళ్దాం. పరిష్కారం పేరుతో మూడో కుండ ఇస్తుంటే గుర్తుపడదాం: గది మారాల్సింది అవమానించినవాడా, అవమానపడినవాడా అని అడుగుదాం. దాడి, కుల దూషణ జరిగితే అట్రాసిటీ వ్యతిరేక జాతీయ హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేయవచ్చు. మనసు భరించలేని స్థితిలో ఉంటే టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది. సాయం అడగడం బలహీనత అని మన ఉద్యమాల్లో ఎవరైనా అంటే, ఘాజీపూర్ మనిషి కోసం ఎదురుచూసిన కుర్రాడు తర్వాత ఏం చేశాడో చెబుదాం.

ఇక సీనియర్లకు, సంఘాల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. కొత్త విద్యా సంవత్సరంలో పల్లెల నుంచి, వాడల నుంచి పిల్లలు హాస్టళ్లకు వస్తారు. మొదటి వారంలో వాళ్లకు ఉపన్యాసాల కన్నా మెస్సులో పక్కన కూర్చునే మనిషి అవసరం. ఎవరు ఒంటరిగా తింటున్నారో చూద్దాం. ఎవరు మెస్సుకు రావడం మానేశారో చూద్దాం. వెళ్లి, తలుపు కొట్టి, కలిసి తిందాం రమ్మని పిలుద్దాం.